గోడ మీద నాలుగు భూములు: ఒక స్టూడియో వాడి రివ్యూ

మా స్టూడియోలో కస్టమర్లు కూర్చునే బెంచీ వెనక గోడకి ఏళ్ల తరబడి ఒక జలపాతం సీనరీ ఉండేది. ఎండ తగిలి తగిలి నీళ్లు గులాబీ రంగుకి తిరిగాయి. దాన్ని పీకేసి ఈమధ్య భూమి ఫోటోలు నాలుగు ఫ్రేములు కట్టించి పెట్టాను. మూడు నాసావి, ఒకటి మన ఇస్రోది. నాసా బొమ్మలు చాలావరకు ఉచితమే. పెద్ద సైజు ఫైలు దింపుకుని ప్రింట్ వేయించుకోవచ్చు, కాపీరైట్ గొడవ ఉండదు. ఖర్చల్లా కాగితానికీ ఫ్రేముకీ.

పెట్టిన దగ్గర్నుంచీ బెంచీ మీద కూర్చున్న ప్రతివాళ్లూ అడిగేది ఒకటే: ‘‘ఇవి నిజం ఫోటోలా, గ్రాఫిక్సా అండీ?’’ పాస్‌పోర్ట్ ఫోటోకి వచ్చిన వాళ్లకి రెండు నిమిషాల్లో చెప్పగలిగే జవాబు కాదది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. నాలుగింటినీ రోజూ చూస్తున్నవాడిగా, నెగెటివ్‌ల కాలం నుంచి బందరులో ఇదే పని మీద బతుకుతున్నవాడిగా, ఏది డబ్బు పెట్టి కట్టించుకోదగ్గదో, ఏది గొప్ప ఫోటో అనిపించుకుంటుందో నా లెక్కన చెబుతాను.

మొదటిది 1972 డిసెంబరు 7న అపోలో 17 నుంచి తీసింది. ఇందులో గ్రాఫిక్స్ లేవు. చంద్రుడి మీదికి బయల్దేరిన కొన్ని గంటలకే, భూమికి 29 వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం నుంచి, హాసెల్‌బ్లాడ్ కెమెరాతో, 80 ఎంఎం లెన్స్‌తో, 70 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు. నౌకలో ముగ్గురున్నారు: సెర్నన్, ఎవాన్స్, ష్మిట్. వాళ్లలో నొక్కిందెవరో తేలక నాసా ముగ్గురి పేరునా వేసేసింది. పెళ్లి ఆల్బమ్ ఆఖరి షీటులో స్టూడియో పేరు వేసినట్టే అనుకోండి.

ఈ ఫోటో కూడా అసలు తీసింది తీసినట్టు లేదు. ఫిల్మ్ మీద అంటార్కిటికా పైకి, ఆఫ్రికా కిందికి ఉన్నాయి. జనం తికమకపడతారని నాసా దాన్ని తిప్పి, చుట్టూ ఉన్న నలుపుని కత్తిరించి, భూమిని మధ్యకి తెచ్చి వదిలింది. మా భాషలో రొటేట్, క్రాప్. అంతవరకు ఎవరూ తప్పు పట్టరు.

దీన్ని గోడకి పెట్టినందుకు నాకు దక్కిన లాభం ఒకటుంది. పెన్షన్ కాగితాలకి ఫోటో దిగడానికొచ్చిన ఒక పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టి చాలాసేపు చూసి, కుడివైపు పై అంచున వేలు పెట్టాడు. ‘‘ఏవయ్యా, ఇక్కడ తెల్లగా చుట్టుకుందే, వాయుగుండమేనా?’’

‘‘అవును బాబాయ్‌గారూ. ఈ ఫోటోకి రెండ్రోజుల ముందు తమిళనాడు మీద పడింది ఇదే.’’

‘‘చూస్తే తెలియట్లా’’ అన్నాడాయన, నేనేదో అక్కర్లేని సంగతి చెప్పినట్టు.

1972 డిసెంబరు 5న తమిళనాడుని ముంచిన తుఫాను అది. ఆఫ్రికా, అరేబియా నిండుగా కనపడే ఈ ఫోటోలో మన దేశం అంచుకి నెట్టుకుపోయింది. అయినా ఆ సుడి చిక్కింది. అప్పటికి ఐదేళ్లకి, 1977 నవంబరు 19న, మా పక్కనే దివిసీమ మీద పడిన ఉప్పెన సంగతి మా ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ ముగ్గురూ తుఫానుని తీద్దామని తీయలేదు. ఆ క్షణాన అది అక్కడుంది, ఫిల్ములో పడింది. నావరకు ఫోటో అంటే ఇదే. తీసేవాడు అనుకోనిది కూడా అందులో పడాలి.

రెండో ఫ్రేము 2002 నాటిది. దీన్ని చూడనివాళ్లు ఉండరు. 2007లో మొదటి ఐఫోన్ తెరిస్తే ముందు కనపడింది ఈ బొమ్మే. అమెరికాలో నాసా గొడార్డ్ కేంద్రంలో రెటో స్టోక్లీ, రాబర్ట్ సిమన్ అనే ఇద్దరు, వాళ్లతో ఇంకొందరు తయారుచేశారు. ‘తయారుచేశారు’ అనే రాస్తున్నాను, ‘తీశారు’ అనబుద్ధి కావట్లేదు.

సంగతేంటంటే, టెర్రా అనే ఉపగ్రహం అప్పట్లో 705 కిలోమీటర్ల ఎత్తులో తిరిగేది. ఆ ఎత్తు నుంచి గుండ్రటి భూమి మొత్తం కనపడదు. అందులో ఉన్న మోడిస్ అనే పరికరానికి మనం అనుకునే షట్టర్ లేదు. ఒక అద్దం గిరగిరా తిరుగుతూ, కింద 2,330 కిలోమీటర్ల వెడల్పున ఒక పట్టీని వరసవరసగా చదువుకుంటూ పోతుంది. ఆ పట్టీలన్నీ కంప్యూటర్‌లో అతికిస్తే భూమి. నేల బొమ్మకి వాడింది 2001 జూన్ నుంచి సెప్టెంబరు దాకా పోగైన సమాచారం.

జూన్ నుంచి సెప్టెంబరు అంటే మనకేంటి? వానాకాలం. ఆ నాలుగు నెలలూ మన దేశం మీద మబ్బు తెరిపి ఇచ్చేదే తక్కువ. ఆ రోజుల్లోంచి మబ్బు లేని ముక్కలు ఏరుకుని నేలని కూర్చారు. తర్వాత ఇంకో రెండు రోజుల మబ్బుల్ని, ధ్రువాల దగ్గర మూడో రోజు ఇన్‌ఫ్రారెడ్‌లో, అంటే కంటికి కనపడని వెలుగులో, తీసిన మబ్బుల్ని తెచ్చి దాని మీద పరిచారు. అంటే నేల ఒక రోజుది, దాని మీద మబ్బు ఇంకో రోజుది. ఆ మబ్బు కింద ఆ నేల ఎప్పుడూ లేదు. పైగా భూమధ్యరేఖ దగ్గర ఒక పట్టీకి ఇంకో పట్టీకి మధ్య ఖాళీలు మిగులుతాయి. వాటిని ఫోటోషాప్‌లో పూడ్చారు. అంచున కనపడే ఆ నీలం గాలి పొర మెరుపు కూడా కంప్యూటర్‌లో కలిపిందే. సిమన్ వీటిలో ఏదీ దాచుకోలేదు, ఎలా చేశాడో తనే వివరంగా చెప్పాడు. నాకు ఆ మనిషి మీద గౌరవం పెరిగింది. మా ఫీల్డులో క్లోన్ టూల్ (ఫోటోలో ఒకచోటి ముక్కని ఇంకోచోట అంటించేది) వాడానని ఒప్పుకునే డిజైనర్‌ని నేనింతవరకు చూళ్లేదు.

అతికించారు కాబట్టి ఫోటో కాదు అని మాత్రం నేననను. అలా అంటే నా షాపుకి నేనే తాళం వేసుకోవాలి. కాలం చేసిన తాతగారిని మనవడి పెళ్లి గ్రూపులో నిలబెట్టమంటారు, డాలస్‌లో ఉన్న పెద్దకొడుకుని గృహప్రవేశంలో పీటల పక్కన పెట్టమంటారు. పెడతాం, డబ్బులు తీసుకుంటాం. ఈ పని కంప్యూటర్‌తో పుట్టింది కూడా కాదు. 1850ల్లోనే ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే సముద్రానికో నెగెటివ్, ఆకాశానికో నెగెటివ్ వాడి ఒకే ప్రింటు వేశాడు. అప్పటి రసాయనాలకి రెండూ ఒకే ఎక్స్‌పోజర్‌లో వచ్చేవి కావు మరి. వాటిని ఇవాళ్టికీ గొప్ప ఫోటోలనే మ్యూజియాల్లో పెట్టుకుంటున్నారు.

నా పేచీ అతుకుతో కాదు, వెలుతురుతో. తాతగారిని పెళ్లిలో నిలబెట్టినప్పుడు మా కుర్రాడికి నేను చెప్పే మొదటి మాట, లైటు ఎటునుంచి పడుతోందో చూసుకోమని. మండపంలో లైటు ఎడమ నుంచి వస్తుంటే తాతగారి ముక్కు నీడ కూడా కుడికే పడాలి. లేకపోతే ఆయన పెళ్లికొచ్చినట్టుండదు, గోడకి అంటించినట్టుంటుంది. 2002 భూమిలో అసలు ఆ ప్రశ్నే రాదు. అప్పట్లో టెర్రా ఎక్కడికెళ్లినా భూమధ్యరేఖని దాటేటప్పుడు అక్కడి టైము ఉదయం పదిన్నర ప్రాంతం. ఆఫ్రికాలోనూ పదిన్నరే, మన దగ్గరా పదిన్నరే, జపాన్‌లోనూ పదిన్నరే. బొమ్మ మొత్తంలో ఎక్కడా తెల్లవారదు, ఎక్కడా పొద్దుగూకదు. మా దగ్గరికి ఫోటో తెచ్చి చూపిస్తే ముందు మేం అడిగేది ‘ఎప్పుడు దిగారు’ అని. దీనికి ఆ జవాబు లేదు.

కాబట్టి 2002 బొమ్మ నా తీర్పులో చాలా గొప్ప పటం. పటం అంటే మ్యాపు అని. రంగులు కంటికి హాయిగా ఉంటాయి, ఎడారీ అడవీ ఇట్టే తెలుస్తాయి. ఫోటో అంటే మాత్రం ఒప్పుకోను.

ఇలాంటివి కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర ‘దీపావళి రాత్రి అంతరిక్షం నుంచి తీసిన భారతదేశం’ అని ఫ్రేము కట్టి అమ్ముతున్నారు. ఏటా వాట్సాప్‌లో తిరిగే ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కల బొమ్మే. అది దీపావళీ కాదు, ఒక రాత్రిదీ కాదు. ఏళ్ల తరబడి ఊళ్లల్లో కరెంటు దీపాలు ఎలా పెరిగాయో చూపించడానికి క్రిస్ ఎల్విడ్జ్ అనే అమెరికా శాస్త్రవేత్త రంగులు వేసి కూర్చింది. 1992కి ముందున్న దీపాలు తెలుపు, తర్వాత వచ్చినవి నీలం, ఆకుపచ్చ, ఎరుపు. జనం టపాకాయలు కాబోలనుకున్నారు. 2012లో నాసా నిజంగానే దీపావళి సమయంలో, నవంబరు 12 రాత్రి, తీసిన మన దేశం బొమ్మ బయటపెట్టింది. అందులో పండగ ఆనవాలే కనపడదు. ఊళ్లు రోజూ వెలిగినట్టే వెలుగుతున్నాయి. చిచ్చుబుడ్డి వెలుగు అంత పైకి ఆనదు.

ఇక మూడో ఫ్రేము. నాలుగింటిలో నేను ఎక్కువసేపు నిలబడి చూసేది ఇదే. సువోమి ఎన్‌పీపీ అనే ఉపగ్రహం 2012 జనవరి 23న భూమి చుట్టూ ఆరుసార్లు తిరుగుతూ ఎనిమిది గంటల్లో పోగుచేసిన సమాచారంతో, గొడార్డ్‌లోనే నార్మన్ క్యూరింగ్ కూర్చింది. ఆఫ్రికా, మడగాస్కర్, అరేబియా, హిందూ మహాసముద్రం. అపోలో ఫోటోకి తోబుట్టువులా ఉంటుంది. బెంచీ మీద వాళ్లకి ఆ రెండింటికీ తేడా తెలియదు.

ఇది కూడా అతుకే. ఉపగ్రహం ఉన్నది 824 కిలోమీటర్ల ఎత్తున. బొమ్మలో మనం చూస్తున్నది మాత్రం 12,743 కిలోమీటర్ల దూరం నుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా. అక్కడ ఏ కెమెరా లేదు, ఎవరూ నిలబడలేదు. ఆ దూరం నుంచి చూస్తే భూమిలో మూడో వంతే కళ్లబడుతుంది, మిగతాది వంపు వెనక్కి పోతుంది. అందుకే ఇందులో ఆఫ్రికా ఉండాల్సినదానికన్నా బొద్దుగా కనపడుతుంది. వైడ్ లెన్స్‌తో మొహం దగ్గరికెళ్లి తీస్తే ముక్కు పెద్దదైనట్టు.

అయినా దీన్ని ఫోటో అంటాను. ఎందుకో చెప్పాలంటే ప్రింటుని దగ్గర్నుంచి చూడాలి. సముద్రం మీద పైనుంచి కిందికి, పొగమంచు పట్టినట్టు, నాలుగు లేత చారలుంటాయి. ల్యాబ్‌లో రోలర్ మచ్చ పడిందనుకుంటారు మొదటిసారి చూసినవాళ్లు. అవి మచ్చలు కావు. ఉపగ్రహం కిందుగా సూర్యుడి వెలుగు నీళ్ల మీద పడి ఎదురు కొట్టిన మెరుపు. ఒక్కో చుట్టుకి ఒక్కో చార. చుట్టుకీ చుట్టుకీ మధ్య సుమారు గంటా నలభై నిమిషాలు. ఈలోగా భూమి తూర్పుకి తిరిగిపోతుంది కాబట్టి తర్వాతి చార పడమరకి జరిగి పడుతుంది. అంటే ఈ బొమ్మని కుడి నుంచి ఎడమకి చదువుకుంటే ఆ రోజు ఎనిమిది గంటలు ఎలా గడిచాయో కనపడుతుంది. కుడి చార ముందుది, ఎడమ చార తర్వాతది.

పెళ్లిళ్లలో మా సగం టైము కళ్లజోళ్ల మీద ఫ్లాష్ మెరుపు చెరపడానికే పోతుంది. ఏ డిజైనర్‌కి ఇచ్చినా ఈ చారల్ని పది నిమిషాల్లో మాయం చేసేవాడు. క్యూరింగ్ చెరపలేదు, ఉంచాడు. ఈ సముద్రం మీద ఫలానా రోజు నిజంగా ఎండ కాసింది, దాన్ని ఒక యంత్రం నిజంగా చూసింది అనడానికి ఆ నాలుగు చారలే సాక్ష్యం. మబ్బులు కూడా అదే రోజువి. ఈ ఉపగ్రహంలోని పరికరం చదివే పట్టీ 3,000 కిలోమీటర్ల వెడల్పు, కాబట్టి భూమధ్యరేఖ దగ్గర ఖాళీలు మిగల్లేదు, అరువు మబ్బుల అవసరం రాలేదు. ఎనిమిది గంటలపాటు షట్టర్ తెరిచి ఉంచి తీసిన ఫోటో అనుకుంటే సరిపోతుంది నా దృష్టిలో. మేం రాత్రిపూట నక్షత్రాలకి లాంగ్ ఎక్స్‌పోజర్ పెట్టి తీస్తే దాన్ని అతుకు అని ఎవరూ అనరుగా.

ఇదే వాదన ఇంకో చోట కూడా నిలబడుతుంది. 2015లో పంపిన డిస్కవర్ అనే ఉపగ్రహం 15 లక్షల కిలోమీటర్ల దూరాన, సూర్యుడికీ మనకీ మధ్య ఉంది. అందులోని ఎపిక్ కెమెరా వెలుతురు పడ్డ భూమి మొగం మొత్తాన్ని ఒకే చోట నుంచి తీసింది. అతుకుల్లేని భూమి కదా అనుకుంటాం. కానీ రంగు కోసం అది ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు మార్చి మార్చి విడివిడిగా తీసినవి కలిపితే వచ్చిన బొమ్మ. ఆ ఏడాది జులై 16న చంద్రుడు భూమికి అడ్డంగా వెళ్లినప్పుడు దొరికిపోయింది. ఫిల్టర్ మారే అర నిమిషంలో చంద్రుడు కాస్త జరిగాడు. ఒక అంచున ఎర్ర గీత, ఇంకో అంచున ఆకుపచ్చ గీత. ఆ గీతలున్నందుకే నాకా బొమ్మ ముద్దు. అయితే ఫైలు 2,048 పిక్సెళ్లే. ఎనిమిది అంగుళాలు దాటిస్తే చెదిరిపోతుంది, అందుకే గోడ ఎక్కలేదు, నా ఫోన్‌లో ఉంది.

నాలుగో ఫ్రేము మనవాళ్లది. 2022 నవంబరు 26న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఈఓఎస్-06 ఉపగ్రహంలోని ఓషన్ కలర్ మానిటర్ అనే పరికరం 2023 ఫిబ్రవరి 1 నుంచి 15 దాకా తీసిన 2,939 చిత్రాల్ని కలిపి, 300 జీబీ డేటా నలిపి, హైదరాబాద్‌లోని ఇస్రో కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్లు ప్రపంచం మొత్తాన్ని ఒక బొమ్మగా కూర్చారు. ఇది అమ్మడానికి కాదు, నా గోడ వరకే చిన్న సైజులో వేయించుకున్నాను.

ఇది ఫోటో అని వాళ్లూ అనలేదు. పేరే ఫాల్స్ కలర్ మొజాయిక్, అంటే మారు రంగుల అతుకు బొమ్మ. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్‌ని కూడా కలుపుకుని, మనకి తెలిసే రంగుల్లోకి మార్చి చూపిస్తారు. అందం దాని పని కాదు. సముద్రంలో పచ్చనాచు ఎక్కడ పేరుకుందో చెప్పడం ఓషన్ కలర్ మానిటర్ పని. నాచు ఉన్నచోటికి చేప చేరుతుంది. ఇలాంటి డేటా చూసే హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు చేపలు దొరికే చోట్ల సమాచారం తీరానికి పంపిస్తారు. గిలకలదిండి హార్బర్‌లో బోటు వాళ్లకి ఆ సమాచారంతో పని, బొమ్మ ఫోటోనా కాదా అన్న గొడవతో కాదు. గోడ మీద మిగతా మూడింటి పక్కన ఇది వెలవెలబోతుందని ఒప్పుకోవాలి. దగ్గర్లో తయారైందన్న అభిమానం కొద్దీ ఉంచాను. తీయను.

కట్టించుకునే వాళ్లకి కొన్ని పని మాటలు. 2012 బొమ్మ ఫైలు పెద్ద సైజుది దొరుకుతుంది. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) మీద 24 బై 24 అంగుళాలకి దర్జాగా వస్తుంది. 2002 బొమ్మని గోళంగా కాకుండా పరిచిన మ్యాపుగా దింపుకుంటే 21,600 బై 10,800 ఉంటుంది. ఆరడుగుల వెడల్పు వేసినా చుక్కలు కనపడవు. ఫ్లెక్స్ మీద మాత్రం వేయించకండి, నీలం కాస్తా ఇంకుబుడ్డి రంగుకి పోతుంది. గ్లాసీ కాగితం వద్దు. చుట్టూ అంత నలుపు ఉన్నప్పుడు అందులో ట్యూబ్‌లైటూ, మీ మొహమూ తప్ప భూమి కనపడదు. పూర్తి మ్యాట్ అయితే నలుపు బూడిదరంగుకి దిగుతుంది. మధ్యస్తంగా సిల్క్ కాగితం అడగండి, పైన అద్దం వద్దనండి. అన్నిటికన్నా ముఖ్యం, కలర్ కరెక్షన్ వద్దని కవరు మీద పెద్దక్షరాలతో రాసివ్వండి. నేను మొదట ఇచ్చిన ల్యాబ్‌లో అలవాటుగా బ్రైట్‌నెస్ పెంచేశారు, అంతరిక్షం సిమెంటు రంగులో వచ్చింది. ఇంకో చోట వేయించాను.

మొన్న ఒకాయన పిల్లల గదికి ఒకటి వేసిమ్మని వచ్చాడు. నేను మూడో ఫ్రేము ముందు నిలబెట్టి చారల సంగతంతా చెప్పాను. ఓపిగ్గా విని, ‘‘బాగుందండీ, కానీ ఆ రెండోది ఇవ్వండి. ఇందులో ఇండియా సరిగ్గా కనపడట్లేదు’’ అన్నాడు. మ్యాపు అడిగినవాడికి మ్యాపే ఇవ్వాలి. పరిచిన సైజులో, 36 బై 18, సిల్క్ మీద, మబ్బుల్లేని ఫైలు తీసి వేసిచ్చాను. బందరు దగ్గర ఎర్ర చుక్క పెట్టమన్నాడు, అదీ పెట్టాను.